మా రేవు మెట్లు బొమ్మల పుస్తకం అయ్యేదాకా

మా బడిలో బొమ్మల పుస్తకాలకి ఒక బీరువా ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్ వేసినవి, ప్రథమ్ బుక్స్ వేసినవి, ఊరి నుంచి వెళ్లి హైదరాబాదులో స్థిరపడినవాళ్లు పంపినవి, అన్నీ అందులోనే. పిల్లలు వాటిని పిన్నులు ఊడేదాకా తిరగేస్తారు. నేను వాళ్లకి చదివి వినిపించిన పుస్తకాల్లో ఏరు వచ్చిన ప్రతిచోటా నీళ్లు నీలంగానే ఉన్నాయి. మాది కోనసీమలో, పి.గన్నవరం దిగువన, వసిష్ఠ నుంచి వైనతేయ పాయ విడిపోయే చోటికి దగ్గర్లో, ఏటి మధ్య ఉన్న లంక. ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చేసరికి మా పిల్లలు చూసే గోదారి ఎర్రగా, చిక్కగా, సుళ్లు తిరుగుతూ ఉంటుంది. ఎర్రనీరు దిగిందంటే మగవాళ్లు పులస చేప గురించి మాట్లాడతారు, ఆడవాళ్లు బియ్యం, గ్యాసు బండ చూసుకుంటారు, పిల్లలు రేవుకి పరిగెడతారు. ఈ గోదారి ఉన్న పుస్తకం ఆ బీరువాలో ఒక్కటీ లేదు. అది నేనే రాయాలని నిశ్చయించుకున్నాను.

మొదట రాసినది చాలా పొడుగ్గా వచ్చింది. పాఠం చెప్పే అలవాటు ఉన్నవాళ్లకి తెలిసినవన్నీ చెప్పాలనిపిస్తుంది. గోదారి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణిస్తుందని, దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయని, ఆ ఏళ్లు అడవుల్లోంచీ చేలల్లోంచీ కడుక్కొచ్చిన మట్టే మన ఎర్రనీరని, ఆ మట్టి పేరుకునే మన లంకలు ఏర్పడ్డాయని రాశాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అనీ రాశాను. అన్నీ నిజాలే, పిల్లలకి తెలియాల్సినవే. కానీ పైకి చదివి చూస్తే కథలో ఉండాల్సిన పాప ఎక్కడా కనపడలేదు.

అప్పుడు ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైటు స్టోరీవీవర్ తెరిచి అందులోని తెలుగు కథలు వరసగా చదివాను. 2015లో మొదలైన ఈ వేదికలో పుస్తకాలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయిలో 250 మాటల లోపు, రెండో స్థాయిలో 600 లోపు. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు. నేను ప్రతి కథనీ ముందు బొమ్మలు మూసి మాటలు చదివాను, తర్వాత మాటలు మూసి బొమ్మలు చూశాను. మాటలు చదివితేనే మొత్తం అర్థమైపోయే కథకి బొమ్మలు అలంకారం మాత్రమే. బొమ్మ లేకపోతే మాట సగంలో ఆగిపోయే పుస్తకాలు కొన్ని దొరికాయి. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేవి కూడా అలాంటివేనని మా బీరువాలోని చిరిగిన అట్టలు చూస్తే తెలిసింది. రాయాలనుకునేవాళ్లు ఎవరడిగినా ముందు ఈ పని చేయమనే చెప్తాను. పుస్తకం ఎలా రాయాలో చెప్పే వ్యాసాల కంటే నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

ఇక మా రేవు. దానికి తొమ్మిది మెట్లు. వరద రోజుల్లో మా ఊళ్లో ఎవరూ అడుగుల్లో మాట్లాడరు. "ఇంకా నాలుగు మెట్లున్నాయి", "తెల్లారేసరికి రెండు మునిగాయి" అంటారు. కథ మొత్తం అక్కడ దొరికింది. పాప, వాళ్ల నాయనమ్మ, ఇల్లు, రేవు. పేజీ తిప్పినప్పుడల్లా బొమ్మలో ఒక మెట్టు తగ్గుతుంది. ఆ సంగతి మాటల్లో ఎక్కడా ఉండదు. మాటలు నాయనమ్మ చేసే పనుల గురించే. "నాయనమ్మ కోళ్లని గంపలో పెట్టింది." పేజీ తిప్పితే, "నాయనమ్మ విత్తనాల సంచీ అటక ఎక్కించింది." ఇంకో పేజీ, "నాయనమ్మ నన్ను కూడా బల్ల ఎక్కించింది." నీళ్లు పెరుగుతున్నాయని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ధవళేశ్వరం అడుగులు, ఉపనదులు, అన్నీ తీసేశాను. మట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్న సంగతి మాత్రం వదలలేకపోయాను. దాన్ని ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో, పెద్దవాళ్లు చదివి చెప్పేందుకు పెట్టాను.

కొయ్యడం తేలికగా జరగలేదు. ప్రతి వాక్యాన్నీ పట్టుకుని "ఇది బొమ్మ చెప్తుందా?" అని అడుగుతూ పోయాను. చెప్తుందనిపిస్తే కొట్టేశాను. వాసన, చప్పుడు, లోపలి భయం బొమ్మ చెప్పలేదు. అవి ఉంచాను. రాత్రి పూట గోదారి చేసే హోరు ఉంది చూడండి, అది లంకలో పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. దానికి ఒక వాక్యం కావాల్సిందే.

బొమ్మలు వేసిన కుర్రాడిది రాజోలు వైపు. వాళ్ల నాన్న సైన్‌బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇతను గుడి గోడలకీ బడి గోడలకీ బొమ్మలు వేస్తాడు. మా బడికి అక్షరాలు, పళ్లు, జంతువులు వేయడానికి వచ్చి, మధ్యాహ్నం ఖాళీలో స్టోర్ రూము గోడ మీద బొగ్గుతో ఒక గేదెని వేశాడు. ఎండలో నడిచొచ్చి అలిసిపోయిన గేదె. ఆ అలసట దాని మెడలో కనపడింది. "బొమ్మల పుస్తకం వేస్తావా బాబూ" అని అడిగాను. "ఎప్పుడూ వెయ్యలేదండీ టీచరుగారూ. ఒకటి చూపించండి, ఎలాగుంటాదో చూసి చెప్తాను" అన్నాడు. బీరువా తాళం తీసి ఇచ్చాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

పని మొదలుపెట్టే ముందే ఒప్పందం రాసుకున్నాం. ఈ విషయం మన దగ్గర చాలామంది పట్టించుకోరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు మీద, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవాళ్లది అవుతుంది. అంటే నేను అతనికి డబ్బులిచ్చి ఊరుకుంటే బొమ్మలన్నీ నావైపోతాయి. అది నాకు న్యాయంగా అనిపించలేదు. పుస్తకంలో సగం కంటే ఎక్కువ చెప్పేది బొమ్మలు. అందుకని మాటల హక్కు నాది, బొమ్మల హక్కు అతనిది, ఈ పుస్తకంలో వాడుకోవడానికి మాత్రమే నాకు అనుమతి, అట్ట మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో, రెండో ముద్రణ వేస్తే మళ్లీ వాటా అని తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. అతని అమ్మగారు సాక్షి సంతకం చేశారు.

బొమ్మ మొదలుపెట్టకముందే ప్రెస్సుకి కూడా వెళ్లాం. ఇది రాజమండ్రిలో ఒక పెద్దాయన ఇచ్చిన సలహా, ఎంతో మేలు చేసింది. పుస్తకం సైజు మన ఇష్టం అనుకుంటాం గానీ దాన్ని కాగితం నిర్ణయిస్తుంది. డబుల్ క్రౌన్ షీటు 20×30 అంగుళాలు. దాని మీద 1/4 క్రౌన్ అనే సైజు పేజీలు రెండు వైపులా కలిపి 16 పడతాయి. అది ఒక ఫారం. నాకు చదరపు పుస్తకం మీద మోజు ఉండేది. అలా వేస్తే షీటులో చాలా భాగం కత్తిరించి పారేయాలని ఆయన పెన్సిల్‌తో గీసి చూపించారు. అదే 1/4 క్రౌన్‌ని అడ్డంగా తిప్పితే 9.5 అంగుళాల వెడల్పు, 7.25 ఎత్తు. తెరిచి పెడితే 19 అంగుళాల పొడవున గోదారి పారుతుంది. మాకు అంతకంటే ఏం కావాలి! మధ్య మడతలో పిన్ను (సెంటర్ పిన్) కొట్టాలంటే పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. మేం 24 పెట్టుకున్నాం, అంటే ఒకటిన్నర ఫారం. మొదటి పేజీ శీర్షికకి, ఆఖరిది వివరాలకి పోగా మధ్యలో 11 జంట పేజీలు మిగిలాయి. కథ ఆ 11లోనే ఎక్కాలి, దిగాలి.

తెల్లకాగితాలు మడిచి డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చేసుకున్నాం. అందులో పెన్సిల్ గీతలతో బొమ్మలు, చేత్తో రాసిన మాటలు. డమ్మీ లేకుండా బొమ్మల పుస్తకం చేయకూడదని గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకంటే పేజీ తిప్పడం కూడా కథలో భాగమే. పాప బల్ల ఎక్కిన తర్వాత ఏమవుతుందన్నది అదే పేజీలో కనపడితే ఆ క్షణం పోతుంది. తిప్పాక కనపడాలి. మధ్య మడతలో ఎవరి ముఖమూ పడకూడదు. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు బొమ్మ, వదలాలి, అంచుకి దగ్గర్లో ముఖ్యమైనదేదీ ఉండకూడదు, కత్తెర కొంచెం పక్కకి జరిగినా కోళ్ల గంప తెగిపోతుంది. ఇవన్నీ డమ్మీలోనే తేల్చుకున్నాం.

ఆ డమ్మీని ముందు మా రెండో తరగతికి చూపించాను. ఏమీ చెప్పకుండా చదువుకుంటూ పోయాను. మూడో జంట పేజీ దగ్గర వెనక వరసలోని పాప లేచి నిలబడి "టీచర్, మెట్టు పోయింది!" అంది. అంతే, మిగిలినవాళ్లందరూ ముందు పేజీలు తిప్పమని గోల. వెనక్కి వెళ్లారు, లెక్కపెట్టారు, మళ్లీ ముందుకొచ్చారు. నాయనమ్మ పనులన్నీ ఎందుకు చేస్తోందో వాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను ఒక్క మాట వివరించలేదు. ఆ పూట నా ఒళ్లు పులకరించింది, ఇప్పుడు తల్చుకున్నా అంతే.

తర్వాత తప్పులు పట్టడం మొదలైంది. పడవ నడిపే ఇంటి పిల్లాడు ఒకడు, "పడవ అలాగ కట్టరు టీచర్. వరదలో మూతి ఎగువకి ఉంటాది, తాడు కూడా ఎగువ గుంజకే కడతారు. ఇలా కడితే తిరగబడిపోద్ది" అన్నాడు. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపు వాలాయేంటని ఇంకొకరు. ఏటి గట్టు మీది చెట్టు ఏటి వైపే వాలుతుంది, ఇంటి పక్కది నిటారుగా ఉంటుంది. ఒక పిల్ల చీమల సంగతి చెప్పింది. నీళ్లు రాకముందే చీమలు గుడ్లు మోసుకుంటూ గోడ ఎక్కుతాయట, వాళ్ల ఇంట్లో ముందు వాటినే చూస్తారట. అది నాకు తట్టని విషయం. నాలుగో జంట పేజీ మొత్తం ఆ చీమలకే ఇచ్చేశాం. అక్కడ గోడ మీద ఎర్ర గీతలా చీమల బారు, కింద మూలన నాయనమ్మ తలెత్తి చూడటం.

రంగుల దగ్గర చాలా కాలం గడిచింది. గోడలకి వేసే చేతికి ఎనామిల్ అలవాటు, నీటి రంగులు కొత్త. గోదారి ఎరుపు ఏ సీసాలోనూ ఉండదు. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో ఎల్లో ఆకర్ అనే పసుపు కలిపితే దగ్గరికి వస్తుంది, కానీ పొద్దున ఒకలా, మబ్బు పట్టినప్పుడు ఒకలా ఉంటుంది. ఇద్దరం రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. రాజమండ్రిలో పుట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకుని, తిరిగి వచ్చి మన మనుషుల్నీ మన ప్రాంతాన్నీ చిత్రించిన ఆయన 1925లో ముప్పై ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ కాస్త కాలంలో ఎంత పని! మా కుర్రాడు అక్కడ ఎక్కువ మాట్లాడలేదు. బయటికొచ్చాక, "రంగు గట్టిగా పులమక్కర్లేదండీ, కింద కాగితం కనపడుతుండాలి" అన్నాడు. ఆ తర్వాత వేసిన నీళ్లలో కదలిక వచ్చింది. మందంగా ఉండే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) కాగితం తడిపి, రంగు వదిలి, అదే పారేలా కాగితాన్ని వంచి పట్టుకునేవాడు. మెట్లకి మాత్రం గట్టి గీత. మెట్టు ఎక్కడుందో, ఎన్ని మిగిలాయో పిల్లలకి అనుమానం రాకూడదు.

ఈలోగా ఇద్దరు ముగ్గురు ప్రచురణకర్తలకి డమ్మీ పంపాను. మర్యాదగానే జవాబిచ్చారు. ఏడాదికి కొన్ని పుస్తకాలే వేయగలమని, వరసలో చాలా ఉన్నాయని అన్నారు. రంగుల పుస్తకానికి పెట్టుబడి ఎంతవుతుందో తర్వాత నాకూ తెలిసింది కాబట్టి వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. ఒకరు మాత్రం చివర్లో నీతి వాక్యం కలిపితే ఆలోచిస్తామన్నారు. నేను కలపనన్నాను. మనమే వేసుకుందామని నిర్ణయం అయింది.

పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు ఐఎస్‌బీఎన్ కోసం భయపడనక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు, సొంతంగా వేసుకునే రచయితకి కూడా ఇస్తారు. మధ్యలో డబ్బులు అడిగేవాళ్లు తగిలితే దూరంగా ఉండండి. నంబరులో 13 అంకెలుంటాయి. మన దేశానివి 978-81 అనో 978-93 అనో మొదలవుతాయి. అచ్చుకి వెళ్లకముందే తీసుకుంటే వెనక అట్ట మీద బార్‌కోడ్‌కి చోటు వదలొచ్చు.

అక్షరాల సంగతి దీనికంటే కష్టం. నేను యూనికోడ్‌లో టైపు చేసిన కథని డీటీపీ సెంటర్లో పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కి, అందులో వాడే అను ఫాంట్‌కి మార్చారు. మార్చగానే కొన్ని చోట్ల వత్తులు పక్క అక్షరం కిందికి జరిగాయి, ఒకటి రెండు చోట్ల మాయమయ్యాయి. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకి ఒక వత్తు తప్పితే ఆ మాటే తప్పు. దాంతో కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ తెలిసిన మనిషిని వెతుక్కుని, ఉచితంగా దొరికే మండలి ఫాంటుతో మొదటి నుంచీ పెట్టించాం. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల అమరిక ఆన్ చేస్తేనే వత్తులు సరిగ్గా కూర్చుంటాయి, అది మర్చిపోకండి. వరసల మధ్య జాగా కూడా ఎక్కువ ఇవ్వాలి. పై వరస వత్తు కింది వరస గుడికి తగిలితే పిల్లలు రెంటినీ కలిపి చదువుతారు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి సన్నటి పట్టీలో వాక్యం పెడితే మాట విరిగిపోతుంది. మేం ఏ మాటనీ వరస చివర విరవలేదు. అవసరమైతే వాక్యమే మార్చాను.

రాత్రి హోరు ఉన్న పేజీలో ముదురు రంగు ఆకాశం మీద తెల్ల అక్షరాలు పెట్టాలని నా కోరిక. ప్రెస్సు ఆయన ఒప్పుకోలేదు. "నాలుగు రంగులు నాలుగు ప్లేట్ల మీంచి పడతాయండి. ఏ ఒక్కటి వెంట్రుకంత జరిగినా తెల్లక్షరంలోకి రంగు దిగిపోద్ది. ఇంగ్లీషు పెద్దక్షరమైతే తట్టుకుంటాది, మన వత్తులు పూడుకుపోతాయి" అన్నారు. బొమ్మలో లాంతరు వెలుగు పడే చోటు కాస్త పెద్దది చేసి, ఆ వెలుగులో నల్ల అక్షరాలు పెట్టాం. పేజీ ముందుకంటే బాగుంది. ఇంకో లాభం కూడా ఉంది. మాటలన్నీ నలుపు ప్లేటులోనే ఉంటే, రేపు ఇదే పుస్తకం ఇంకో భాషలో వేయాలన్నప్పుడు మిగతా మూడు రంగుల ఫైళ్ల జోలికి వెళ్లక్కర్లేదు. శబరి ఒడ్డున కోయ పిల్లలున్నారు. మాకంటే ముందు ఎర్రనీరు చూసేది వాళ్లే. తెలుగు లిపిలో కోయ మాటలతో వాళ్లకి ఈ పుస్తకం ఇవ్వాలని మా ఇద్దరికీ ఉంది.

స్కానింగ్ దగ్గర చెప్పాల్సింది తక్కువ. బొమ్మలు పెద్దవి కాబట్టి ఏ3 స్కానర్‌లో రెండు ముక్కలుగా తీసి కలిపారు. ఫోనులో ఫోటో తీసి పంపడం అచ్చుకి పనికిరాదు. అచ్చు సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉండాలి.

అసలు టెన్షన్ ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, చూసినప్పుడు. కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్జీబీ) వెలుగుతో చూపిస్తుంది, అచ్చు నీలం, ఎరుపు, పసుపు, నలుపు (సీఎంవైకే) సిరాలతో పడుతుంది. మారేటప్పుడు మా గోదారిలోకి నలుపూ నీలమూ చేరి బురద కాలవలా అయింది. ఎర్రనీరు మురికి నీరు కాదు. అది చూస్తే చేనుకి బలం వస్తుందన్న ధైర్యం కలగాలి. మా కుర్రాడు ఆ ప్రూఫు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఆపరేటర్ పక్కనే కూర్చుని, నీళ్లున్న చోటల్లా నలుపు తగ్గించి, నీలం ఇంకా తగ్గించి, ఎరుపు పసుపుల మీదే నిలబెట్టారు. కాగితం కూడా మార్చి చూశాం. మ్యాప్‌లిథో అనే మామూలు కాగితం సిరాని పీల్చేసుకుని రంగు చప్పగా అయిపోతుంది. గ్లాసీ ఆర్ట్ పేపర్ తరగతిలో ట్యూబులైటు కింద మెరిసి, వెనక వరస పిల్లలకి బొమ్మ కనపడదు. 130 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్ పేపర్ దగ్గర ఆగాం. అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు, మ్యాట్ లామినేషన్.

అచ్చు వేసే రోజు ఇద్దరం మెషిన్ దగ్గరే ఉన్నాం. తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం. మొదటి షీట్లు వస్తుంటే మా ఒరిజినల్ పక్కన పెట్టి చూసుకుని, ఎరుపు కొంచెం పెంచమంటే సిరా కంట్రోళ్లు తిప్పి పెంచారు. ఒకే షీటులో ముఖాలూ నీళ్లూ పక్కపక్కన ఉంటే నీళ్లకి పెంచిన ఎరుపు నాయనమ్మ బుగ్గలకీ వెళ్తుంది. అక్కడ నీళ్లకి మొగ్గాలా ముఖానికి మొగ్గాలా అని తేల్చుకోవాల్సి వచ్చింది. నీళ్లకే మొగ్గాం. సిరా ఆరకుండా మడిస్తే ఎదుటి పేజీకి అంటుతుంది, వానాకాలంలో మరీను. తొందరపెట్టకుండా ఆరనిచ్చి తర్వాతే బైండింగ్‌కి పంపమన్నాం.

వెయ్యి కాపీలు వేశాం. ఆఫ్‌సెట్ అచ్చులో ప్లేట్లు, మెషిన్ సిద్ధం చేయడం లాంటి ఖర్చులు ఐదొందలకైనా వెయ్యికైనా ఒకటే. అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. కానీ అమ్మగలిగినదానికంటే ఎక్కువ వేస్తే ఇంట్లో తడి తగిలి పాడవుతాయి, అందులోనూ మాది లంక. ధర 80 రూపాయలు పెట్టాం. పిల్లల బొమ్మల పుస్తకాల అమ్మకం మీద జీఎస్టీ లేదు గానీ కాగితం మీదా అచ్చు పని మీదా మనం కట్టేది ఖర్చులోకి వస్తుంది. షాపులవాళ్లు 30 నుంచి 40 శాతం కమీషన్ అడిగారు. ఇవన్నీ లెక్క వేసుకోకుండా ధర అచ్చు వేసేస్తే తర్వాత మార్చలేం. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీల్లోని మరో రెండు లైబ్రరీలకి ప్రచురణకర్త సొంత ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలి. 1954 నాటి చట్టం ఇది. చిన్నవాళ్లం కదా అని మానేయకూడదు. మా రేవు మెట్లు దేశ గ్రంథాలయంలో ఉండటం మాకూ గౌరవమే.

అమ్మకం చాలావరకు చేతుల మీదే జరిగింది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అప్పుడు అమలాపురం చుట్టుపక్కల శాఖా గ్రంథాలయాలకి వెళ్లి పిల్లలకి చదివి వినిపించాం. వినిపించిన చోటల్లా పుస్తకాలు పోయాయి, బల్ల మీద ఊరికే పెట్టిన చోట పోలేదు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవాళ్ల స్టాల్‌లో ఒక మూల ఇచ్చారు. అక్కడ తల్లిదండ్రులు తిరగేసి, మాటలు తక్కువున్నాయే అనేవారు. ఇందులో నీతి ఏమిటండీ అని కూడా చాలామంది అడిగారు. నేను వాదించలేదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మూడు పేజీలు తిప్పేదాన్ని. మెట్టు పోయిందని పిల్లే చెప్పేది. నా అభిప్రాయం మాత్రం దాచుకోను. వరద వస్తుంటే ముందు ఏది పైకెత్తాలో నాయనమ్మకి తెలుసు, విత్తనాల సంచీ వదలకూడదని తెలుసు. ఆ తెలివిని పిల్ల తన కళ్లతో పట్టుకున్నాక దాని కింద మనం ఒక నీతి వాక్యం రాస్తే పిల్లని నమ్మనట్టే.

పెట్టుబడి తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. నా జీతం ఉంది కాబట్టి ఆగగలిగాను. బొమ్మలు వేసిన మనిషి ఆగలేడు, అతనికి గోడల పని ఉండాలి, ఇంటికి డబ్బు కావాలి. అందుకే అతని డబ్బు అచ్చుకి ముందే ఇచ్చేశాను, అమ్మకంతో ముడిపెట్టలేదు. తెలుగులో బొమ్మల పుస్తకాలు పెరగాలంటే ముందు బొమ్మలు వేసేవాళ్లకి సకాలంలో డబ్బు అందాలి. ఇంట్లో కంప్యూటర్ మీద ఊరికే వేసి పెడతావా అని అడిగే అలవాటు మనం మానుకోవాలి.

ఇప్పుడు కాపీలు కొన్నే మిగిలాయి. రెండో ముద్రణకి కాగితం ధర కనుక్కుని పెట్టుకున్నాం. పడవ తాడు ఇంకొంచెం స్పష్టంగా కనపడేలా అతను ఆ బొమ్మ మళ్లీ వేస్తున్నాడు. చీమల పేజీలో "చీమలు పైకి వెళ్తున్నాయి" అన్న వాక్యం ఇంకా ఉంది. బొమ్మలో అవి వెళ్తూనే ఉన్నాయి, నాయనమ్మ చూస్తూనే ఉంది. ఈసారి ఆ వాక్యం తీసేసి పంపుతున్నాను.